చాప మీద కూర్చోబెట్టిన పాప

కోలారు బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా బడి కిటికీలోంచి చూస్తే గని బావి మీది పాత ఇనుప చట్రం, దాని చక్రం కనిపిస్తాయి. గని మూతబడి ఏళ్లయింది. అయినా లోపలి సొరంగాల్లో బండలు కుంగి అప్పుడప్పుడు కాళ్ల కింద నేల సన్నగా వణుకుతుంది. కొత్తవాళ్లు హడలిపోతారు. మేము పాఠం ఆపం.

ఆ ఏడు నా మూడో తరగతిలో ఒక పాప చేరింది. నడవలేదు, మాటలు లేవు. అందరితో పాటే చదవాలని వాళ్లమ్మ పట్టుబట్టి చేర్పించింది. బెంచీ మీంచి జారిపోతుందని గోడ పక్కన చాప పరిచి కూర్చోబెట్టాం. వారం తిరక్కుండానే పాప నేల మీద తట్టడం మొదలుపెట్టింది. పిడికిలితో మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ మూడు. చూపు మాత్రం ఎటో పైకి ఉండేది.

గది ఊడుస్తున్న మా ఆయమ్మ చీపురు వదిలేసింది. ఆమె భర్త గనిలో పనికి దిగి లోపలే పోయినవాడు.

"మేడం, అది గని లిఫ్టుది, కేజ్ గంట. కింద ఉండే మనుషుల్ని పైకి లాగమని కొట్టేది. ఈ పాప ఎవుర్ని పిలస్తా ఉండాది?"

నాకు ఒళ్లు మండింది. పిల్లల ముందా ఈ మాటలు! కానీ అప్పటికే ఆ సంగతి గని కార్మికుల ఇళ్ల లైన్లన్నీ చుట్టేసింది. రెండు రోజుల్లో సగం తరగతి ఖాళీ. వచ్చినవాళ్లు కాళ్లు బెంచీల మీదికి ముడుచుకుని కూర్చున్నారు. పాప తడుతూనే ఉంది. దయ్యాలు లేవని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. అయినా నాకూ భయం వేసింది, ఆ భయం మీద కోపమూ వచ్చింది.

హెడ్మాస్టరు పాప తల్లిని పిలిపించారు. "ఇట్లాంటి పిల్లలకి కోలారులో వేరే బడి ఉండాదమ్మా. ఈడ వద్దు."

"అంత దూరం యాడ పంపిస్తాను సార్? ఇంగ ఇంట్లోనే పెట్టుకుంటాను," అంది. ఏడవలేదు. "ఇంతకీ ఏం చేసింది?"

నేను బల్ల మీద తట్టి చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది.

"మా మామ, దీని తాత, కేజ్ కాడ గంట కొట్టినోడు మేడం. దీన్ని ఎత్తుకునే ముందర నేల మీద అట్లే తట్టేవాడు, పైకొస్తావా తల్లీ అని. ఇదీ అట్లే తిరిగి తట్టేది. ఆయన పోయినాక తట్టనే లేదు."

పాప రోజుల తరబడి తననే పైకి ఎత్తమని అడుగుతోంది!

ఎవరి అనుమతీ అడగలేదు. గబగబా తరగతికి వెళ్లి పాపను ఎత్తి ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, నా చున్నీతో బెంచీకి కట్టాను. ఇద్దరు ఆడపిల్లలు చెరోపక్కా జరిగి ఆనుకున్నారు. "మేం పట్టుకుంటాం మేడం."

పాప చుట్టూ చూసింది. పిడికిలితో బెంచీ మీద ఒక్కసారి తట్టింది. అందరం రెండో దెబ్బ కోసం ఊపిరి బిగబట్టాం. రాలేదు.

"ఒక్క దెబ్బంటే కేజ్ నిలపమని," గుమ్మంలోంచి ఆయమ్మ గొణిగింది. "మనుషులు పైకి వచ్చేసినారని."

పాప తల్లితో పాటు నా వెనకే వచ్చిన హెడ్మాస్టరు, "ఈడే ఉండనీ," అన్నారు.

తల్లి అప్పుడు ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, మెల్లగా అంది.

"ఆ ఒక్కటి కొట్టేది మా మామ దీనికి ఎప్పుడూ నేర్పలేదు మేడం."