ఏసోబు నవ్విన ఫొటో

మంగళగిరిలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. మూడేళ్ల క్రితం గుంటూరు దగ్గర ఒక పల్లెలో చర్చి పెళ్లికి ఫొటోలు తీయడానికి వెళ్లాను. పెళ్లికూతురి అమ్మానాన్నలు మరియమ్మ, ఏసోబు మిరప కోతలకు వెళ్లే కూలీలు. ఏసోబు కెమెరా చూస్తేనే తప్పుకునే మనిషి. "ఒక్కసారి నిలబడవయ్యా!" అని మరియమ్మ చెయ్యి పట్టి లాగితే, సిగ్గుపడుతూ వచ్చి ఫక్కున నవ్వేశాడు. ఆ ఫొటో అరువు తెచ్చుకున్న రెండో కెమెరాతో తీశాను.

మర్నాడు ఉదయం నా కెమెరా మెమరీ కార్డులోని ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండో కెమెరా కార్డు పెట్టాను. 'ఈ ఫొటోలు ఇప్పటికే ఉన్నాయి, వదిలేయాలా?' అని కంప్యూటర్ అడిగింది. ఇంకో పెళ్లికి ముహూర్తం దగ్గర పడుతోంది. నా తొందర తగలెయ్య, తెరిచి చూడకుండా సరేనని నొక్కి, కార్డు ఖాళీ చేసేశాను.

రెండు కెమెరాలూ ఫొటోలకు ఒకే నంబర్లు వేశాయని, ఆ నంబర్లు మాత్రమే చూసి సాఫ్ట్‌వేర్ రెండో కెమెరా ఫొటోల్ని వదిలేసిందని ఆల్బమ్ చేస్తున్నప్పుడు తెలిసింది. అప్పటికే ఆ కార్డు మీద ఇంకో రెండు పెళ్లిళ్ల ఫొటోలు తీశాను, పాతవి తిరిగి రాబట్టే వీల్లేకపోయింది.

మరియమ్మకు ఉన్నమాట చెప్పి, "మీ ఇంటికొచ్చి మళ్లీ తీస్తానమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. "తియ్యొచ్చులే అమ్మాయ్. ఆయన మళ్లీ అట్టా నవ్వాలిగా!" అంది.

వెళ్లి తీశాను. ఏసోబు గడ్డం పైకెత్తి, బిగుసుకుని నిలబడ్డాడు. ఆ నవ్వు చూసినవాళ్లం మరియమ్మా, నేనూ. దాన్ని పోగొట్టింది మాత్రం నేనే.