తొంభై ఆరుకు ఖాయమైన పాట

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ వస్తువుకైనా రెండు ధరలుంటాయని, చెప్పేది ఒకటైతే తెగేది ఇంకొకటని. బేగం బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం మాది. మాటలు రాకముందే మొహంలో భావం దాచుకోవడం వచ్చేసే వంశం. కావలసిన గిన్నె వైపు చూడకుండా పక్కనున్న పళ్ళెం వైపు చూడాలి, ధర విని నవ్వాలి, దుకాణదారు దిగిరాకపోతే మెట్లు దిగాలి. ఈ ఒక్క విద్యతో బతుకంతా గడిచిపోతుందనుకునేదాన్ని. వయోలా పట్టుకున్నదీ ఈ లెక్క మీదే. ఆబిడ్స్ సందులో, చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది మా సంగీత పాఠశాల. అక్కడ పిల్లలందరూ వయొలిన్ కోసం ఎగబడేవాళ్ళు. దానికి పెద్దక్కలా, కొంచెం బొంగురు గొంతుతో ఉండే వయోలాను అడిగే దిక్కు లేదు. గిరాకీ లేని సరుకుకు పోటీ కూడా ఉండదు కదా అని దాన్ని ఎంచుకున్నాను. (గిరాకీ లేని సరుకు వాయించేవాళ్ళకూ గిరాకీ ఉండదన్న సంగతి తర్వాత తెలిసింది. ఏ పాటలోనైనా వయోలా పని గోడకు సున్నం వేసినట్టు, ఒకే స్వరాన్ని అటూ ఇటూ పూస్తూ పోవడమే.)

డిగ్రీ చదువుతుండగా పాఠశాల సార్ మా నలుగురిని కలిపి ఒక క్వార్టెట్ చేశారు. మొదటి వయొలిన్ నా ఈడు పిల్ల. అందరి తప్పులూ దిద్దుతుంది కాబట్టి టీచరమ్మ అనేవాళ్ళం. రెండో వయొలిన్ మాకంటే చిన్నవాడు, ఏం చెప్పినా "ఔ అక్కా" అంటాడు కాబట్టి ఔ తమ్ముడు. మనిషెత్తు వయొలిన్‌లా ఉండే చెల్లో వాయించేవాడి పేరు గోడౌన్, ఆ పెట్టెతో అతను ఆటో ఎక్కితే ఇంకొకరికి చోటుండదు మరి. అరిగిపోయిన పాత పీసు ఒకటే ఏడాదంతా వాయించాక, నాంపల్లి హాల్లో జరిగే కచేరీ కోసమని సార్ కొత్తది ఇచ్చారు. ఇచ్చారే గాని వాయించనివ్వలేదు. ముందు నలుగురి భాగాలూ కలిసి ఉన్న పూర్తి ప్రతి చదవాలి, తర్వాత ఒకరి భాగం ఇంకొకరు పాడాలి, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా కూర్చుని మెల్లగా వాయించాలి. అలా చదువుతుంటే చివరి పేజీకి ముందు ఒకచోట నా కళ్ళు ఆగిపోయాయి. అక్కడ ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళపు గళ్ళ పాట, పూర్తిగా వయోలాది. మిగతా ముగ్గురూ కింద నుంచి మోస్తారు. గబుక్కున పేజీ తిప్పేసి, "చెల్లో భాగం బాగుంది" అన్నాను. సార్ షరతు ఏమిటంటే, కచేరీకి వారం ముందు తను వింటారు, నలుగురూ ఒక్క మనిషిలా వాయించకపోతే స్టేజీ మీదికి పాత పీసే. పాతదంటే నాకు మళ్ళీ సున్నమే.

నలుగురం కలిసి కూర్చున్నాక ముందుగా తేలాల్సింది వేగం. టీచరమ్మ ఫోన్‌లో తాళం లెక్కగట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి నూట ముప్పై రెండు దెబ్బల మీద పెట్టి టిక్కుటిక్కుమనిపించింది. నాకు లోపల కావలసింది నూట పది చుట్టుపక్కల. కావలసింది నోటితో చెప్పేంత వెర్రిదాన్నా? డెబ్బై ఆరు అన్నాను.

"గింత స్లో అయితే ఇనెటోళ్ళు నడుమల పొయ్యి శాయ్ తాగొస్తరే" అంది టీచరమ్మ.

హాలు పెద్దది, ధ్వని గోడలకు తగిలి తిరిగొస్తుంది, వేగంగా వాయిస్తే అంతా గజిబిజి అవుతుందని వివరించాను. (ఆ హాలును నేను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు.) ఆమె కొంచెం దిగింది, నేను రవ్వంత ఎక్కాను. ఇంక దిగనంటే వయోలాను పెట్టెలో పెట్టి మెట్లు దిగడం మొదలుపెట్టాను. చెప్పుల దుకాణం చేరకముందే పైనుంచి పిలుపు వచ్చింది. అప్పటినుంచి రోజూ అదే వరస. ఇక్కడ నేను మెత్తగా వాయిస్తా, అక్కడ నువ్వు నెమ్మదించు అంటూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. గోడౌన్‌ను శాయ్ వేళకు వదిలితే చాలు, అతని ఓటు నాకే. ఔ తమ్ముణ్ణి ఎవరూ అడగలేదు, అడిగినా ఔ అనేవాడే. చివరికి తొంభై ఆరు దగ్గర బేరం తెగింది. అందరం పెన్సిలుతో రాసుకున్నాం. గెలిచానని మురిసిపోయి వాయించి చూద్దును కదా, నాకు కావలసినదానికంటే కూడా అది నత్తనడక. నా ఎనిమిది బార్లు సాగీ సాగీ, కమాను చివరికొచ్చినా స్వరం ఇంకా మిగిలే ఉంటోంది. అయినా, బేరమాడి తెచ్చుకున్న సరుకును వాపసు ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

సార్ వచ్చారు, విన్నారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఈ స్పీడు ఎవరికి కావాలని అడిగారు. ఒక్కొక్కరినీ బాల్కనీలోకి పిలిచి, ఎవరికి ఎంత వేగం కావాలో తన అరచేతిలో తట్టి చూపమన్నారు. లోపలికొచ్చి బల్ల మీద తనే తట్టి, నలుగురం చూపిన వేగం ఇదేనన్నారు. అది తొంభై ఆరుకు చాలా పైన ఉంది. నేను టీచరమ్మను చూశాను.

"నువ్వెట్లాగు తగ్గిస్తవని నేనే పెంచి చెప్పిన" అంది. (వాళ్ళ నాన్నది బ్యాంకు ఉద్యోగం. ఈ పాపం నా సావాసానిదే.)

"మరి నువ్వేం జేస్తున్నవ్‌రా?" అని సార్ ఔ తమ్ముణ్ణి అడిగారు.

"పాట పొడుగూత ఉరికే చిన్న నోట్లన్ని నాయే సార్. గింత మెల్లగ అంటే చెయ్యి గుంజుతది. నన్నెవ్వరు అడగలే."

అతని నోట ఔ కాని మాట వినడం మాకు అదే మొదలు. సార్ కళ్ళద్దాలు పెట్టుకుని, "రేపటి సంది గీ గదిల మాటలు బంద్. ఊపిరితోని చెప్పుకోండ్రి, కమానుతోని చెప్పుకోండ్రి. ఎవరన్న నోరు తెరిస్తే పాత పీసే" అని వెళ్ళిపోయారు.

ఆ వారం మా గది చావు ఇల్లులా ఉండేది. నాకు మెట్లు దిగే సౌకర్యం కూడా పోయింది. (ఒకసారి దిగి చూశాను. చెప్పుల దుకాణం ముందు కాసేపు నిలబడి, ఎవరూ పిలవకపోతే నేనే ఎక్కి వచ్చాను.) మాట లేకపోయేసరికి అందరి చూపూ ఔ తమ్ముడి మీదికి పోయింది. అతను తల కొంచెం ఎత్తి ఊపిరి పీల్చి ఆ చిన్న నోట్లను ఉరికించేవాడు, మేము వాటి మీద ఎక్కి కూర్చునేవాళ్ళం. ఏ అంకె మీద ఉన్నామో ఎవరూ చూసుకోలేదు. అంతా కుదిరింది, నా ఎనిమిది బార్లు తప్ప. ఆ చోటు దగ్గరపడుతుంటే అలవాటు కొద్దీ కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. నేను ఎప్పుడు ఎత్తుకుంటానో వాళ్ళకు తెలిసేది కాదు, బండి అక్కడే పట్టాలు తప్పేది. టీచరమ్మ నుదురు కొట్టుకునేది. గోడౌన్ కమానుతో నా మొహాన్ని చూపించి, తర్వాత చెల్లో పెట్టె మూతను చూపించాడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయని భావం. కచేరీ ముందు రోజు సార్ మళ్ళీ విన్నారు. కొత్తదే వాయించండి అన్నారు గాని, ఆ చోట స్టేజీ మీద కూడా ఇలాగే అయితే మధ్యలో ఆగిపోతారని నా వైపు చూసి మరీ అన్నారు.

నాంపల్లి హాల్లో ఆ చోటు రానే వచ్చింది. చూద్దామంటే అక్కడ కిటికీ లేదు. ఎదురుగా ఉన్నది ఔ తమ్ముడే. ఇష్టం లేకుండానే అతని కళ్ళలోకి చూశాను, నడిబజారులో పర్సు తెరిచి పట్టుకున్నంత సిగ్గేసింది. ఇద్దరం ఒకే ఊపిరి పీల్చాం. పాట లేచింది. చివరికొచ్చేసరికి అతను తన పరుగును రవ్వంత సడలించాడు. నేను అడగలేదు. ఒక్క ఊపిరంత చోటు దొరికితే నా స్వరం అందులో తీరిగ్గా కూర్చుని లేచింది. ఆ వెంటనే అతను మళ్ళీ పరుగందుకున్నాడు.

కచేరీ అయ్యాక, స్టేషన్ వైపు వెళ్ళే జనం మధ్య అతన్ని పట్టుకుని, "గాడ ఎందుకు ఆగినవ్‌రా? ఏం కావాలె నీకు?" అని నిలదీశాను.

"నువ్వు చూసినవ్ గదక్కా" అన్నాడు, అంత అమాయకంగా.

ఆ రోజు చివరి పేజీ చాలా బాగా వాయించామని చెప్పనివాళ్ళు లేరు. నాకు మాత్రం ఒక్క స్వరం కూడా గుర్తు లేదు. అప్పటి నేనైన ఆ బేగం బజార్ పిల్ల అక్కడ కూర్చుని కమాను లాగుతూనే, ఈ తమ్ముడు తనిచ్చిన చోటుకు బదులుగా ఏం అడగబోతున్నాడో, ఎక్కడ దాకా తగ్గించవచ్చో ఆలోచిస్తూ ఉండిపోయింది, పాపం.