థీడా ముందే థీడా గురించి

అమెరికాలోని మా వెర్మాంట్ కొండల్లో ఇళ్లకు విలువ కట్టే మనిషిని ఊరే ఓటేసి ఎన్నుకుంటుంది. లిస్టర్ అంటాం. ఆ విలువ మీదే ఆస్తి పన్ను. పందొమ్మిదేళ్లుగా మా లిస్టర్ థీడా గాన్యో. అంతకుముందు స్కూలు బస్సు నడిపేది.

టేపు పట్టుకుని వచ్చేది. నేలమాళిగ గోడలకు చెమ్మ ఉందేమోనని అరచెయ్యి ఆనించి చూసేది. "పైఅంతస్తు పూర్తయిందా?" అని అడిగేది. మా దగ్గర సగం ఇళ్లు ఎప్పటికీ పూర్తికావు. బయట చెక్క కొట్టకుండా తెల్ల ప్లాస్టిక్ పొరతోనే పదేళ్లు నిలబడతాయి. పూర్తయితే పన్ను పెరుగుతుంది మరి. థీడా ఎవర్నీ నిలదీసేది కాదు, చూసిందే రాసేది. సెలవులకొచ్చేవాళ్ల బంగళాల్లోకీ అలాగే వెళ్లేది. వాళ్లు షెడ్డని చెప్పినదాంట్లో ఆవిరిస్నానం గది కనిపిస్తే అదీ రాసేది.

ఈ మార్చిలో పాలకవర్గం తీర్మానం పెట్టింది. లిస్టర్ పదవి ఎత్తేసి, ఊరంతటికీ మళ్లీ విలువ కట్టే పని బయటి కంపెనీకి ఇవ్వాలని. మంగళవారం ఊరి సభకి అందరం బడి ఆటల హాల్లో కూర్చున్నాం. థీడా నా పక్కనే.

మా సభలో ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడకూడదు. ఏదన్నా సభ నడిపే మోడరేటర్ ప్రెస్టన్‌కే చెప్పాలి. తగాదాలు రాకుండా పెట్టుకున్న పద్ధతి అది. ఆ రోజు మాత్రం, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడారు.

"మోడరేటర్ గారూ, ఆవిడకి డెబ్బై ఒకటి. నిచ్చెన ఎక్కుతుందా, నిచ్చెనే ఆవిడ్ని మోస్తుందా?" అన్నాడు మంచు ఊడ్చే ట్రక్కు నడిపే ఎల్విన్.

నవ్వారు. థీడా ఎదుటి గోడమీది స్కోరుబోర్డు చూస్తోంది.

వెనక నుంచి ట్రినా లేచింది. నది పక్కన చక్రాల మీది ట్రైలర్ ఇంట్లో పిల్లలతో ఉంటుంది. "మోడరేటర్ గారూ, ఆవిడ మా ఇంట్లో అడుగే పెట్టలేదు. బయటినుంచే రాసేసింది. లోపల నేల కుంగిపోయి ఉంది."

థీడా లేచింది. "మోడరేటర్ గారూ, ఆమె చెప్పింది నిజం. అప్పుడు బురద. నడవలేక రోడ్డు మీదినుంచే రాశాను." కూర్చుంది. ఆ గొంతులో బాధ గానీ కోపం గానీ లేవు.

నేను ఒప్పందం కాగితాలు పట్టుకుని లేచాను. "పదకొండో పేజీ చూడండి, మోడరేటర్ గారూ. కంపెనీ ఏ ఇంట్లోకీ వెళ్లదు. అన్నీ రోడ్డు మీదినుంచే చూస్తుంది, ఫొటోల్లోంచి చూస్తుంది. వాళ్ల ఫారంలో పూర్తికాని ఇల్లని రాయడానికి గడే లేదు. ఈమె ఒక్క ఇంటికి చేసిన తప్పు ఒప్పుకుంది. వాళ్లు అన్ని ఇళ్లకూ చేస్తామని ముందే రాసిచ్చారు. మనం ఓటేసి ఓడించలేని వాళ్ల చేతికి మన ఇళ్లెందుకు ఇవ్వాలి?"

పదకొండో పేజీ ఎవరూ తిప్పలేదు. చేతులెత్తారు. డెబ్బైనాలుగు, యాభైఎనిమిది. పదవి పోయింది.

భోజనాలప్పుడు ఎవరితో ఎవరైనా మాట్లాడొచ్చు. థీడా బీన్స్ తింటోంది. ఆ మాటకొస్తే, తింటోందో లేదో నేను చెప్పలేను. చెంచా పైకి పోతోంది, కిందికి వస్తోంది. ట్రినా ప్లేటు పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది.

"థీడా, మా నేల చూడ్డానికి ఎప్పుడొస్తావు?"

"ఇంక నేను కాదమ్మా. కంపెనీ ఫోన్ నంబరుంది, దానికి చెయ్యి."

"మనిషే ఎత్తుతాడా?"

"తెలీదు."

"పదవి తీసెయ్యమని నువ్వూ చెయ్యెత్తావుగా, ట్రినా," అన్నాను నేను.

ట్రినా నావైపు చూడలేదు. "నేనన్నది నువ్వు లోపలికి రావాలని, థీడా. నువ్వు పోవాలని కాదు."

"తెలుసు," అంది థీడా. "కానీ తీర్మానంలో ఆ రెండో మాట ఒక్కటే ఉంది."