పిన్ని మీద పడిన కొడవళ్ళు

మా చిన్నప్పుడు... సూర్యగ్రహణం రోజున మా పిన్నిని బెల్లం గదిలో పడుకోబెట్టి తలుపు వేసేశారు. తోడుగా నన్ను కూర్చోబెట్టారు.

అనకాపల్లి దగ్గర చెరకు పండే పల్లె మాది. మాఘమాసం... ఊరంతా బెల్లం వండే వాసన వేసే రోజులు. ఆ రోజు మాత్రం ఒక్క పొయ్యీ వెలగలేదు. మామ్మ, అంటే మా నాన్న వాళ్ళమ్మ, పొద్దున్నే ఊరగాయ జాడీల మీదా నీళ్ళ బిందెల మీదా దర్భలు వేసేసింది.

పిన్నికి అప్పుడు ఎనిమిదో నెల. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు, ఎన్ని మొక్కులు మొక్కితేనో నిలిచిన కడుపు. గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందట. కాలో చెయ్యో కదిపితే బిడ్డకు అది వంకర పోతుందట. అందుకని విడుపు అయ్యేదాకా వెల్లకిలా, కట్టెలా పడుకోవాలి. ఇదీ మామ్మ ఆర్డరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే వాకిట్లో చిన్నాన్న కెమెరా పట్టుకుని నిలబడ్డాడు, నేనేమో లోపల! చిన్నాన్న అంటే పిన్ని మొగుడే. అనకాపల్లిలో పాత కెమెరా ఒకటి కొనుక్కొచ్చి, దూడ పుట్టినా ఫొటో, చెరకు బండి బయల్దేరినా ఫొటో... అంత పిచ్చి. గ్రహణం కోసం ఆసుపత్రి కాంపౌండరును బతిమాలి ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి లెన్సుకు కట్టాడు. కడుపుతో ఉన్న పెళ్ళాన్ని లోపల పెట్టుకుని ఇదేం బుద్ధిరా అని మామ్మ తిట్టని తిట్టు లేదు. ఆయన చెవిన పడితే కదా.

బెల్లం గదికి కిటికీ లేదు. కానీ పెంకుటిల్లు... పెంకుల సందుల్లోంచి ఎండ రూపాయి బిళ్ళల్లా నేల మీద పడేది. రోజూ వాటితో ఆడుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం చూస్తూ ఉండగానే బిళ్ళలన్నీ ఒక పక్క కొరికేసినట్టయ్యాయి. కాసేపటికి గుండ్రటిది ఒక్కటీ మిగల్లేదు. నేల మీద, గోడ మీద, బెల్లం దిమ్మల మీద... అన్నీ చిన్న చిన్న కొడవళ్ళు.

ముందు చప్పట్లు కొట్టాను. తర్వాత పిన్ని ముఖం చూశాను.

అవి కదులుతున్నాయి... పిన్ని వైపే. పాదాల దగ్గరున్నవి మోకాళ్ళ దాకా వచ్చాయి. లేచి పక్కకు జరగొచ్చు కదా అంటారు మీరు. ఎలా జరుగుతుంది? కదిలితే బిడ్డ వంకర. కదలకపోతే గ్రహణం కడుపు మీద.

"కొడవళ్ళే అవి... నా కడుపు మీదకొత్తన్నాయి. ఆపవే అమ్మా, ఆపవే" అంది పిన్ని. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. తుడుచుకోకూడదు కదా.

చేతులు అడ్డం పెట్టాను. వేళ్ళ పక్క నుంచి పడ్డాయి. తువ్వాలు కప్పాను. తువ్వాలు మీద పడ్డాయి. ఇంకేం చెయ్యాలో తోచక పిన్నికి అటో చెయ్యి ఇటో చెయ్యి ఆనించి గొడుగులా వంగాను. నా వీపు మీద పడనీ అనుకున్నాను. నీ మీద పడతాయి లేవవే అని పిన్ని ఏడుపు. నేను లేవలేదు. చిన్నాన్నా అని గొంతు చించుకుని అరిచాను.

ఆయన తలుపు తోసుకుని వచ్చాడు. గదంతా పరుచుకున్న కొడవళ్ళను చూసి, "అబ్బా" అన్నాడు. భయంతో కాదు... సంతోషంతో. బయట ఆ నల్ల ఫిల్ములోంచి ఏం వస్తుందో రాదో అని చస్తున్నవాడికి, గ్రహణం ఇంట్లోకే వచ్చింది మరి. రీలులో ఒక్క ఫొటో మిగిలింది. నన్ను రెక్క పట్టుకుని పక్కకు లాగేశాడు.

"తియ్యకు బావా. నీకు దండం పెడతాను" అంది పిన్ని. ఆ దండం కూడా నోటితోనే. చేతులు కదపలేదు.

కెమెరా చప్పుడైంది.

తర్వాతి నెలలో బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. పెదవి చక్కగా ఉంది, కాళ్ళూ చేతులూ చక్కగా ఉన్నాయి... ప్రాణమే లేదు. గ్రహణాన్ని ఫొటోలో పట్టి పెళ్ళాం కడుపుకు కట్టాడని మామ్మ అంది. ఊరూ అంది. పిన్ని ఔననలేదు, కాదనలేదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం చిన్నాన్న వాకిట్లో నిలబడి కెమెరా మూత తీసి, రీలంతా ఎండలోకి లాగేశాడు. ఆ ఫొటో ఎవ్వరూ చూడలేదు. వాళ్ళకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

ఇప్పుడు గ్రహణమొస్తే కెమెరాతో మేడ ఎక్కేది నేను. మొన్న ఎర్ర చందమామ ఫొటో పెడితే లైకులు కొట్టారే... ఆ పిచ్చి ఎక్కడిదో ఇదిగో, ఇప్పుడు చెప్తున్నాను.

కరోనా ఏడాది సూర్యగ్రహణానికి మేడ మీద చిల్లుల గరిటె ఎత్తి పట్టుకున్నాను. గచ్చు మీద కొడవళ్ళు! ఫోన్లో ఫొటో తీశాను. తర్వాత ఊరెళ్ళినప్పుడు పిన్నికి చూపించి, ప్రతి చిల్లూ సూర్యుడి బొమ్మే వేస్తుందని, సూర్యుడు కొడవలిలా ఉంటే బొమ్మా అలాగే పడుతుందని చెప్పాను. పిన్ని చాలాసేపు చూసింది. ఆ రోజు తన మీద పడింది ఇదేనా, ఇంతేనా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

అరుగు చివర చిన్నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. పిన్ని మెల్లగా లేచి వెళ్ళి ఫోను ఆయన ఒళ్ళో పెట్టింది.

"కొడవళ్ళు కాదంట బావా. ఒట్టి ఎండంట. నువ్వారోజు ఎండనే తీసేవు."

ఆ మాట రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. చిన్నాన్న ఏడ్చిన ఏడుపు నేను చెప్పలేను.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు... శ్లాబు వేశారు. ఏ గదిలోనూ ఎండ చుక్క పడదు. కానీ గ్రహణమొస్తే కడుపుతో ఉన్న ఆడపిల్లలను ఇప్పటికీ గదుల్లో పెట్టి తలుపులు వేస్తూనే ఉన్నారు. అలాంటి గదిలో మీరో, మీ అమ్మో పడుకుని ఉంటే... ఆ చీకట్లో ఏమనుకున్నారో నాకు చెప్పండి.