గేనియా పండుగ రొట్టె చప్పుడు

సదూర్‌స్కీ తీసిన సినిమాలో ఎవరు నడిచినా ఆ అడుగులు గేనియావే. వూచ్ పట్నంలో స్టూడియో వెనక, కిటికీలు లేని గదిలో ఆవిడ ఉద్యోగం చప్పుళ్ళు చెయ్యడం. తెరమీద దొరసాని మెట్లు దిగితే ఈవిడ ఎత్తుమడమల జోడు తొడుక్కుని చెక్కమీద టకటకలాడించేది. మంచులో నడకైతే గుడ్డసంచీలో బంగాళాదుంప పిండి పోసి, రెండు చేతులతో పిసికేది. పేరు మాత్రం తెరమీద ఒక్కనాడూ పడలేదు. ఎవరికీ తట్టలేదు, ఆవిడా అడగలేదు.

ఒల్గెర్డ్ సదూర్‌స్కీ మొదటి సినిమా నేతమిల్లు ఆడవాళ్ళ మీద. మగ్గాల మోతకు చెవులు చిల్లులు పడేవి. రెండోది రైలు గేటు కాపలావాడి కథ. మూడోది చర్చి గంట పోగొట్టుకున్న పల్లె కథ. సినిమా సినిమాకీ మాటలు తగ్గుతూ వచ్చాయి. తలుపు మూసిన చప్పుడూ, చెంచా కింద పెట్టిన చప్పుడూ మిగిలాయి. పరదేశాల్లో పెద్దపెద్దవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. ఇక్కడ సగం ఖాళీ హాల్లో గురక వినపడేది.

"ఈయన సినిమాకి టిక్కెట్టుతో పాటు దుప్పటీ దిండూ ఇవ్వాలమ్మా!" అనేవాడు మియేటెక్. రికార్డింగు యంత్రం దగ్గర కూర్చునేది అతనే.

"నోరు మూసుకుని నీ టేపు తిప్పుకోవయ్యా," అని కసిరేది గేనియా. సదూర్‌స్కీని ఎవరేమన్నా ఆవిడకు ఒళ్ళు మండేది. ఎందుకు మండదు? ఇంత లోకంలో ఆవిడ చేసిన చప్పుడును కళ్ళు మూసుకుని వినేవాడు ఆయనొక్కడే.

తల్లి పోయాక గేనియాకు నా అన్నవాళ్ళు లేరు. పెళ్ళి చేసుకోలేదు. అదేదో త్యాగమని చెప్పను, ఎవరూ అడగలేదు, అంతే. మామూలు రోజులు ఎలాగో గడిచిపోయేవి. క్రిస్మస్ ముందురోజు సాయంత్రమే గడిచేది కాదు. తొలిచుక్క పొడిచేసరికి బల్లమీది గుడ్డ కింద గుప్పెడు ఎండుగడ్డి పరిచేది. బీట్‌రూట్ చారు, వేయించిన చేప, చెప్పకుండా వచ్చే అతిథికని ఓ ఖాళీ పళ్ళెం, అన్నీ పద్ధతిగా సర్దేది. అన్నిటికంటే ముందు పండుగ రొట్టె. కాగితమంత పల్చన. దాన్ని ఒకరి చేతిలోది ఒకరు విరిచి, వెంటనే ఒకరికొకరు మంచి కోరుకోవాలి. అందుకు ఇద్దరుండాలి. తల్లి పోయింది లగాయతు గేనియా రొట్టె విరిగిందే లేదు. ఏటా కొనేది, పళ్ళెంలో పెట్టేది, మర్నాడు మేరీమాత పటం వెనక దాచేది.

సరిగ్గా అదే సదూర్‌స్కీ ఆఖరి సినిమాలోకొచ్చింది. పండుగ సాయంత్రం ఒంటరి ఆడమనిషి బల్ల ముందు కూర్చుని, తన రొట్టె తనే విరుచుకుంటుంది. ఒక్క మాటుండదు. ఆ విరిగే చప్పుడు కోసం గేనియా ఎండుటాకు విరిచింది, ఉల్లిపొర విరిచింది. సదూర్‌స్కీ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"నిజం రొట్టె విరిచెయ్యమ్మా, పోయేదేముంది?" అన్నాడు మియేటెక్.

"ఒక్కదాన్నే ఎలా విరుస్తాను? తప్పు కాదూ!"

"ఆవిడ ఒంటరిది గేనియా గారూ," అన్నాడు సదూర్‌స్కీ మెల్లగా. "సినిమా అంతా అదే కదా."

"తెరమీద ఆవిడిష్టం. ఈ చేతులు నావి."

ఆయన కాసేపు ఆవిడ చేతులవంకే చూశాడు. "మరి ఇంట్లో ఎవరితో విరుస్తారు?"

"ఎవరున్నారు నాకు!" అనేసింది. అనేశాక సిగ్గేసింది.

ఆ ఏడు పండుగ సాయంత్రం చుక్క పొడిచిందో లేదో తలుపు చప్పుడైంది. తీస్తే సదూర్‌స్కీ, టోపీమీద మంచు, భుజాన తోలుసంచీ.

"చోటుందా గేనియా గారూ?"

ఉందా అని అడుగుతాడేమిటి! ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు. కోటు అందుకుంది, ఖాళీ పళ్ళెం ముందు కూర్చోబెట్టింది. సంచీ తగిలించబోతే, "ఉండనివ్వండి," అని బల్లమీదే పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళకు నా ఇంటికి మనిషొచ్చాడు, నా కోసమొచ్చాడు, అని ఆవిడ లోపల్లోపల పొంగిపోయింది.

రొట్టె పట్టుకుని చెయ్యి చాచింది. ఆయన అంచు పట్టుకున్నాడు. ఆవిడ ముందుకు వంగేసరికి కుర్చీ కిర్రుమంది. రొట్టె విరిగింది.

ఆయన మంచిమాట కోసం ఎదురుచూసింది. చంటిపిల్లకైనా తెలుసు, విరిచీ విరవగానే ఏదో ఒకటి కోరాలి. ఆరోగ్యమో, ఆయుష్షో. ఆయన పెదవి కదపలేదు, ఊపిరి కూడా బిగబట్టాడు. ఆ బిగబట్టడం గేనియాకు బాగా తెలుసు. టేపు తిరిగేటప్పుడు ఆ గదిలో అందరూ చేసేదే. ఆఖరికి సంచీలో ఆయన చెయ్యి కదిలింది. 'టక్'మని టేపు ఆపే మీట పడింది.

"ఆరోగ్యంగా ఉండాలి గేనియా గారూ, నూరేళ్ళు..." అని అప్పుడు మొదలుపెట్టాడు.

గేనియా కళ్ళు మండాయి. గెంటేద్దామనిపించింది. పండుగపూట బల్లదగ్గర కూర్చున్నవాణ్ణి ఎలా గెంటుతుంది?

"కుర్చీ కిర్రుమంది," అంది. "ఇంకోసారి తీద్దామా?"

ఆయన ముఖం పాలిపోయింది. "వద్దండీ," అన్నాడు. ఆవిడ చారు వడ్డించింది. ఆయన తలెత్తకుండా తాగి, చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ చేతిలో సగం రొట్టె అలాగే ఉండిపోయింది.

వసంతంలో సినిమా వచ్చింది. గేనియా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది. తెరమీద ఒంటరి ఆడమనిషి రొట్టె విరిచింది. కిర్రుమన్నది మాత్రం గేనియా ఇంటి కుర్చీ. ఆ తరవాతంతా నిశ్శబ్దం. పత్రికలన్నీ తెగ పొగిడింది ఆ నిశ్శబ్దాన్నే.

పక్క కుర్చీలో ముసలావిడ కళ్ళొత్తుకుంటూ ఇటు వాలింది. "అయ్యో, పండుగపూట ఒక్కతే, చూశారా! ఎదురుగా ఒక్క ప్రాణి లేదు!"

"ఉన్నాడండీ," అంది గేనియా. "ఎదురుగానే ఉన్నాడు. నోరు విప్పలేదు, అంతే."