పదకొండో నంబరు చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఏడిపించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. దారిలో నిమ్మకాయ కనిపిస్తే తొక్కొద్దని అమ్మ అనేది, నేను కావాలని తొక్కి వెళ్లేవాణ్ణి. టోర్నమెంట్లకు పోయినప్పుడు పాడుబడ్డ హాస్టళ్లలో, ఖాళీ క్వార్టర్లలో, ఒకసారి మూతపడ్డ దవాఖాన వార్డులో కూడా పడుకున్నాను. దోమలు తప్ప ఏదీ నన్ను పీడించలేదు. ఇదంతా ముందే ఎందుకంటే, కింద రాసింది చదివి నన్ను ఆ బాపతులో కలిపేస్తారని. కలిపితే కలపండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

నేను బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి. పేరు చెప్పినా మీకు తెలియదు. పన్నెండేళ్లలో తొమ్మిది జట్లకు ఆడాను. ఒక బ్యాంకుకు కాంట్రాక్టు మీద మూడేళ్లు, కోయంబత్తూరులో ఒక మిల్లు జట్టుకు ఒక సీజను, ఆ తర్వాత ఒక్క ఏడాదితోనే మూతపడ్డ ఒక ప్రైవేటు లీగు. మిగతాదంతా గెస్టు ప్లేయరుగానే గడిచింది. గెస్టు ప్లేయరంటే పెళ్లిలో కిరాయి కుర్చీ లాంటివాడు. పనున్నంత సేపు వేస్తారు, అయిపోగానే మడిచి వ్యానులో పడేస్తారు.

మాది నల్గొండ జిల్లా. నాన్న లారీ డ్రైవరు. ఆ బండితోనే ఎల్బీనగర్ వచ్చి ఇక్కడే దిగిపోయాడు. కొత్తపేట, అల్మాస్‌గూడ, మళ్లీ కొత్తపేట, ఇలా కిరాయి ఇళ్లు మారుతూ పెరిగాను. స్పోర్ట్స్ కోటాలో ఒక పర్మనెంటు ఉద్యోగం కొట్టాలి, అదొక్కటే నా ఆటకు అర్థం. కప్పుల మీద, పేపర్లో ఫొటోల మీద నాకు భ్రమల్లేవు. వయసు దాటేలోగా ఉద్యోగం దొరక్కపోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతానని తెలుసు. నా చదువు అంతంత మాత్రమే.

శ్రీశైలం నాతోపాటే ఆట మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ. ఇద్దరం పొద్దున్నే సరూర్‌నగర్ స్టేడియంలో ప్రాక్టీసు చేసి, దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, ఒక్క ప్లేటు ఇడ్లీ ఇద్దరం తినేవాళ్లం. నేను బుట్టలో వేసేవాణ్ణి, వాడు ఎదుటివాళ్లను అడ్డుకునేవాడు. అడ్డుకునేవాడి పేరు కన్నతల్లికి కూడా గుర్తుండదని వాడే నవ్వేవాడు.

నాది ఎనిమిదో నంబరు, వాడిది పదకొండు. ఒకసారి వాడి ఎడమచేతి నడిమివేలు, దాని పక్క వేలు బెణికాయి. అప్పటి నుంచి ఆ రెంటినీ కలిపి తెల్ల టేపు చుట్టుకుని ఆడేవాడు. నయమయ్యాక కూడా మానలేదు.

ఆట తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఎదుటివాణ్ణి కొట్టినా తోసినా ఫౌలు అంటారు. ఒక మ్యాచులో ఎవరికైనా ఐదు ఫౌళ్లు పడితే బయటికి పోవాల్సిందే, మళ్లీ లోపలికి రానివ్వరు. ఫౌలు చేసినవాడు తనంతట తాను చెయ్యెత్తడం పాత మర్యాద. ఇప్పటివాళ్లు ఎత్తరు, మా కాలపు సార్లు ఎత్తించేవారు. బుట్ట కింద ఐదారుగురు కలబడ్డప్పుడు కొట్టింది ఎవరో రెఫరీకి సరిగ్గా తెలియదు. అప్పుడు ఎవరి చెయ్యి లేస్తే ఫౌలు వాళ్లదే.

శ్రీశైలం నా ఫౌళ్లకు చెయ్యెత్తేవాడు.

మా కోచ్ సారే వాడికది నేర్పాడు. స్కోరు చేసేవాడు లోపలుండాలి, నువ్వు బయటికి పోయినా నష్టం లేదని నా ముందే చెప్పాడు. వాడు సరేనన్నాడు. ఎప్పుడూ ఎడమచెయ్యే. మోచెయ్యి వంచి, చెవి దాకా మాత్రమే ఎత్తేవాడు, జవాబు సరిగ్గా రాని పిల్లవాడు క్లాసులో ఎత్తినట్టు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. నేను ఎత్తమని అడగలేదు, వద్దనీ అనలేదు.

బ్యాంకు జట్టుకు సెలెక్షన్ జరిగినప్పుడు ఇద్దరం ఒకే జట్టులో ఆడాం. ఆ రోజు ఇద్దరికీ అవకాశం ఉంది. నిజానికి వాడికే ఎక్కువ, ఎందుకంటే వాళ్లకు అడ్డుకునేవాడు కావాలి. మూడో క్వార్టరు అయ్యేసరికి వాడికి నాలుగు ఫౌళ్లున్నాయి. అందులో రెండు నావి. వాడు మూడే అనుకున్నాడు. తనవి తాను లెక్కపెట్టుకున్నాడు కానీ, నాకోసం ఎత్తినవాటిలో ఒకటి మరిచిపోయాడు. తర్వాత నేనొకణ్ణి మోచేత్తో పొడిచాను. ఈల మోగింది. అలవాటు కొద్దీ వాడి చెయ్యి లేచింది.

స్కోరు రాసే టేబుల్ దగ్గర బజరు మోగాక కానీ వాడికి అర్థం కాలేదు, అది ఐదోదని. వాడు నావైపు చూశాడు. సార్ అది నాది అని ఒక్క మాట అంటే సరిపోయేది, నాకు అప్పటికి రెండే ఉన్నాయి. నేను వంగి షూ లేసు కట్టుకున్నాను. అది ఊడి లేదు.

లిస్టులో నా పేరొచ్చింది, వాడిది రాలేదు. ఆ తర్వాత వాడు ఆట వదిలేసి ట్రాలీ ఆటో నడిపాడు. పండ్ల మార్కెట్టు ఊరి బయటికి పోయాక ఆటోకు కిరాయిలు తగ్గాయి. నేను కనిపిస్తే మామూలుగానే మాట్లాడేవాడు, ఆ మ్యాచు సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. ఒక వానాకాలం వాడికి కామెర్లొచ్చాయి. పసరు తాగితే పోతుందని పది రోజులు తాత్సారం చేశారు. దవాఖానలో చేర్చేసరికి చెయ్యి దాటిపోయింది. నేను కోయంబత్తూరులో ఉన్నాను, మూడోనాటికి వచ్చాను. వాడి భార్య రేణుక నన్ను చూసి ఏడవలేదు, కూర్చోమని చాప వేసింది.

ఇక అసలు సంగతి.

పోయిన వేసవిలో ఒక ప్రభుత్వ శాఖ స్పోర్ట్స్ కోటాలో ఒకే ఒక్క పోస్టు వేసింది. నాకు అదే ఆఖరి అవకాశం, ఆ నవంబరుకు వయసు దాటిపోతుంది. వచ్చినవాళ్లను రెండు జట్లుగా చేసి, నంబరు బనియన్లు ఇచ్చి, ఎల్బీనగర్ అవతల ఒక కాలేజీ కోర్టులో ఆడించారు. మిట్టమధ్యాహ్నం. పైన రేకులు, పక్కన ముగ్గురు సెలెక్టర్లు ప్లాస్టిక్ కుర్చీల్లో. పోటీ నాకూ ఎదుటి జట్టులో ఉన్న ఒక షూటరుకూ మధ్య అని అందరికీ తెలుసు. ఇద్దరిలో ఆఖరి దాకా కోర్టులో నిలిచినవాడికే ఉద్యోగం.

ఆట ఇంకా ఆరు నిమిషాలుందనగా నాకు నాలుగు ఫౌళ్లు. అప్పుడు ఆ షూటరు బుట్ట కిందికి దూసుకొచ్చాడు. నేను బంతి మీద కొట్టబోయి వాడి మణికట్టు మీద కొట్టాను. ఆ చప్పుడు నాకు వినిపించింది, నా అరచెయ్యి చుర్రుమంది. చుట్టూ ఐదారుగురం ఉన్నాం. ఈల పడింది. అయిపోయిందిరా అనుకున్నాను. పన్నెండేళ్ల ఆట అక్కడితో ముగిసిందనుకున్నాను.

ఆ క్షణంలో చల్లగాలి వీచిందనీ, ఏదో వాసన వచ్చిందనీ రాస్తే బాగుండేది. ఏమీ లేదు. ఉక్కపోత, చెమట, అంతే. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

రెఫరీ టేబుల్ వైపు నడిచి నంబరు చూపించాడు. నా ఎనిమిదికి ఒక చేతి ఐదు వేళ్లు, రెండో చేతి మూడు వేళ్లు చూపిస్తారు. పదకొండుకు ఒక చేతి పిడికిలి, రెండో చేతి ఒక వేలు. ఆయన పిడికిలీ వేలూ చూపించాడు. ఒకదానికొకటి పొరబడే సైగలు కావవి.

స్కోరు రాసే మేడం ఆంధ్ర వైపు ఆమె. ముందు పదకొండు అని రాసేసి, తర్వాత పేర్ల పట్టీ చూసి ఆగిపోయింది. "సార్, ఈ టీములో పదకొండో నంబరు లేదండి" అంది.

రెఫరీ వరంగల్ నుంచి వచ్చిన మనిషి, యాభై దాటినవాడు. శ్రీశైలాన్ని చూసి ఉండే అవకాశమే లేదు. ఆయనకు కోపమొచ్చింది. "ఎట్ల లేడు మేడం? నేను సూసిన కదా. రెండు వేళ్లకు తెల్ల టేపు చుట్టుకున్న పొడుగు పిలగాడు. వాడే చెయ్యి గూడ లేపిండు" అన్నాడు. అని, ఎలా లేపాడో చూపించాడు. ఎడమచెయ్యి, మోచెయ్యి వంచి, చెవి దాకా.

నేను నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

రెండో రెఫరీని అడిగారు. ఆయన నంబరు చూడలేదట, చెయ్యి లేవడం మాత్రం చూశాడట. మా జట్టులో ఒక్కొక్కరి వేళ్లూ చూశారు. ఎవరికీ టేపు లేదు. పదకొండో నంబరు బనియను చిన్న సైజని ఎవరూ తీసుకోలేదు, అది కవరు విప్పకుండా బ్యాగులోనే ఉంది. రెఫరీ ఆఖరికి మా అందరినీ వరసగా చూసి, "ఎవలు కొట్టిన్రో మీరే చెప్పున్రి" అన్నాడు.

చెప్పడానికి నాకు చాలా సమయముంది. నేను చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే కనీసం భుజాలు తడుముకుంటారు, నేను అదీ చెయ్యలేదు. నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాను. చివరికి పదో నంబరును చూసి పదకొండు అనుకుని ఉంటారని తేల్చి, ఆ ఫౌలు పదో నంబరు ఖాతాలో రాశారు. అతనికి ఒకటే ఉంది కాబట్టి అతను పెద్దగా గొడవ చెయ్యలేదు. తర్వాత అడిగితే, అసలు నేను ఆ గుంపులోనే లేనన్నా, అవతల గీత దగ్గరున్నా అన్నాడు.

మిగిలిన ఆరు నిమిషాలూ ఆడాను. పద్నాలుగు పాయింట్లు వేశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు.

నాకు అనుమానాలు ఎక్కువ, కాబట్టి ఊరికే వదల్లేదు. ఎవరో ఫోనులో తీసిన వీడియో సంపాదించి చూశాను. సరిగ్గా ఆ సమయానికి టేబుల్ దగ్గర లేచిన ఒకాయన వీపు అడ్డమొచ్చింది. స్కోరు కాగితం ఫొటో తీసుకున్నాను. అందులో 11 రాసి, కొట్టేసి, పక్కన 10 అని ఉంది. ఎండకు రెఫరీ కళ్లు బైర్లు కమ్మాయని అనుకుందామంటే, ఆ టేపు, ఆ వంగిన మోచెయ్యి ఎక్కడి నుంచి వచ్చాయి? మా జట్టులో శ్రీశైలం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన రోజు అమ్మ ఏడ్చింది, నాన్న వీధంతా చెప్పుకొచ్చాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. మర్నాడు స్వీటు డబ్బా పట్టుకుని రేణుక దగ్గరికి పోయాను. ఆమె అల్మాస్‌గూడలో ఒక కర్రీ పాయింటులో పనిచేస్తుంది. మధ్యాహ్నం రద్దీ అయిపోయాక గిన్నెలు సర్దుతోంది. స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ముందు కాలేజీ కోర్టులో జరిగింది. తర్వాత, ఏళ్ల తరబడి నోరు దాటనిది, బ్యాంకు సెలెక్షన్ నాటి ఫౌలు నాదని.

ఆమె చేతిలో పని ఆపలేదు. "గది నాకెర్కనే అన్నా" అంది.

నేను తల దించుకున్నాను.

"ఆ దినం ఇంటికొచ్చి బువ్వ తినలే. ఏందని అడిగితే చెప్పిండు. గిన్ని సార్లు నేను లేపిన కదా, ఒక్కసారన్న వాడు లేపుతడేమో అని సూసిన అన్నడు. నిన్ను తిట్టలేదన్నా. మల్ల ఎన్నడూ ఆ మాట తియ్యలే."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా సిగ్గేసింది. వాడు పోయాక కూడా నన్ను కాపాడటానికే వచ్చాడు రేణుకా అన్నాను. నాకు అలా అనుకోవడమే తేలిక.

ఆమె గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, నా ముఖంలోకి చూసింది.

"కాపాడనీకె వచ్చిండో, ఎట్ల లేపాల్నో నీకు సూపియ్యనీకె వచ్చిండో" అంది.

స్వీటు డబ్బా తీసుకుంది. పిల్లలకు పెడతానంది.

ఇప్పుడు రోజూ పది గంటలకు ఆఫీసుకు పోయి సంతకం పెడుతున్నాను. ఆ మధ్యాహ్నం రెఫరీ చూసిందేమిటో నాకు తెలియదు, ఎవరైనా చెప్తారన్న ఆశా లేదు. వాడు వచ్చాడని రుజువు చెయ్యలేను, రాలేదని నమ్మలేను. మీరే చెప్పున్రి అని రెఫరీ అన్నాక కోర్టులో ఎవరూ మాట్లాడలేదు. టేబుల్ మీద గడియారం ఆపేసి ఉంది. అంతసేపూ నా రెండు చేతులూ నడుము మీదే ఉన్నాయి.