బావ వాసన చూసిన ఎంజైమ్

మా అక్క మొగుడు పలాసలో జీడిపప్పు వ్యాపారి. బస్తా విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి చూస్తే తప్ప ఏ సరుకూ తీసుకోడు. అలాంటి మనిషికి, మా కాలేజీ ఉన్న టెక్కలి ఎలాగూ వస్తున్నాడు కదా అని, పలాసలో దిగిన నా ఎంజైమ్ పార్సిల్ తెమ్మని చెప్పాను. నా తెలివి అలా ఏడిచింది.

అది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. పక్కన డీఎన్‌ఏ ఉంచితే, దాన్ని చూసి ఆర్‌ఎన్‌ఏ అల్లేస్తుంది. మా కాలేజీ ల్యాబులో అప్పటిదాకా అది నాకు ఒక్కసారీ అల్లి పెట్టలేదు. ఈసారీ రాకపోతే ప్రాజెక్టు టాపిక్ మార్చేద్దామన్నారు మా మేడమ్. నాకేమో ఆ టాపిక్ అంటే ప్రాణం.

బావ థర్మకోల్ పెట్టెతో బైకు దిగాడు. టేపు ఊడి ఉంది.

"విప్పావా బావా?"

"విప్పకుండా సరుకు తెత్తానేటి? ఇంత పెట్టెలో సిటికెనేలంత గొట్టం, అడుగున సుక్క! మోసం సేసేసినారేటోనని మూత తీసి వాసన సూశాను. ఏ వాసనా లేదు మరదలా."

మన వేళ్ల మీదా, నోటి తుంపర్లలోనూ ఆర్‌ఎన్‌ఏని తుక్కుతుక్కు చేసే ఎంజైములుంటాయి. అందుకే మేము గ్లవ్స్ మార్చి మార్చి, నోరు మూసుకుని, మడి కట్టుకున్నట్టు పని చేస్తాం. ఈయనేమో ఏకంగా ముక్కు పెట్టాడు! నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నా వెనకే ల్యాబులోకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఇంకో ట్యూబు తెప్పించేలోగా మేడమ్ ఇచ్చిన గడువు దాటిపోతుంది. తెగించి దాన్నే వాడాను. ఆర్‌ఎన్‌ఏని కాపాడే మందు మామూలు కంటే ఎక్కువే పోశాను. గోరువెచ్చని నీళ్లలో ఉంచి, ఆ తర్వాత జెల్‌లో పోసి, కరెంటు పెట్టి నడిపించాను. చెరిపేసిన ముగ్గులా అలుక్కుపోతే పాడైపోయినట్టు, సన్నగా గీత పడితే వచ్చినట్టు.

లైటు వేశాను. గీత! తళతళా మెరిసిపోతూ, ఒకటే గీత!

నేను పెట్టిన కేకకి పక్క గదిలోంచి అటెండరు పరుగెత్తుకొచ్చాడు. వాళ్లకీ వీళ్లకీ చెప్పాలని వరండాలోకి ఉరికి, ఎవరికీ చెప్పకుండానే వెనక్కొచ్చి మళ్లీ గీతని చూసుకున్నాను. మేడమ్‌కి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు, మాట రాదు. "వచ్చిందా? ఏమైంది?" అని ఆవిడ కంగారు పడుతుంటే నవ్వు కాస్తా ఏడుపైపోయింది.

బావ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "వచ్చేసింది మేడంగారూ, నేను సూశాను. పిల్ల ఏడుత్తంది. టాపిక్కు మార్సకండి."